ఎవరి వంతూ కాని నెల

మా అత్తకు ఇల్లు లేదు, నెలలుండేవి. మామ పోయాక గండికోట దారిలో ఉన్న ఊరొదిలేసి ముగ్గురు కొడుకులూ తలా ఒక చోట స్థిరపడ్డారు. పెద్ద బావ జమ్మలమడుగులో బడిపంతులు. నడిపి బావ పులివెందులలో శెనక్కాయల మండీ పెట్టుకున్నాడు. అందరికన్నా చిన్నవాడు మా ఆయన, ప్రొద్దుటూరులో బట్టలంగట్లో పని. అత్త చైత్రంలో జమ్మలమడుగులో, వైశాఖంలో పులివెందులలో, జ్యేష్ఠంలో మా దగ్గర ఉండేది. ఆషాఢంలో మళ్ళీ జమ్మలమడుగు. ఇట్లా ఏడాదికి నాలుగేసి నెలలు ఒక్కొక్కరి వంతు.

దువ్వూరు నుంచి కాపురానికొచ్చిన కొత్తలో ఈ వంతుల సంగతి విని నాకు ఒళ్ళు మండింది. ఎద్దును కూడా ఎవరూ ఇట్లా తిప్పరే అనుకున్నాను. ఆ మాట ఆయనతో అంటే, "నన్నంటావేంది, ఈ ఏర్పాటు అమ్మదే" అన్నాడు. అత్తనే అడిగాను. "ఒకరింట్లో ఉండిపోతే తక్కిన ఇద్దురూ దూరమైతారు మే. తిరుగుతాంటే ముగ్గురూ నావాళ్ళే" అంది. ఆమె మాటలో ఏడుపు లేదు. ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఓదార్చేదాన్ని. లేదు కాబట్టి నోరుమూసుకున్నాను.

వంతు మారే రోజుకు ఒక పద్ధతి ఉండేది. పాడ్యమి నాడు పంపే ఇంట్లో పొద్దున సంగటి తిని బస్సెక్కుతుంది. అందుకునే ఇంట్లో రాత్రికి అన్నం. మధ్యాహ్నం తిండి ఎవరి లెక్కలోనూ లేదు. ఆ పూటకు ఆమె తన పాత చీర చెంగు చించిన గుడ్డలో బొరుగులు, మరమరాలంటారే అవి, మూట కట్టుకుని, బస్సులో కూచుని ఒక్కతే తినేది. నేను బస్టాండుకు పోయినప్పుడల్లా ఆమె దిగుతూ ముందుగా చేసే పని ఒళ్ళోని బొరుగుల పొట్టు దులుపుకోవడమే. ఒకసారి ఉండబట్టలేక, "ఇంటికే వస్తాండావు కదత్తా, మధ్యాహ్నం అన్నం ఈడ తినరాదా" అన్నాను. "అది మీ వంతులోది కాదులే" అంది. అంత నిక్కచ్చి మనిషి.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, ఒక ఏడాది అధిక శ్రావణం వచ్చింది. మన నెలలు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి కాబట్టి, సూర్యుడితో సరిపెట్టడానికి రెండుమూడేళ్ళకొకసారి పంచాంగంలో ఒక నెల ఎక్కువ వేస్తారు. ఆషాఢానికీ అసలు శ్రావణానికీ నడుమ ఆ ఏడు అట్లాంటి నెల ఒకటి పడింది. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. వంతులు మొదలయ్యాక ఇదే మొదటి అధిక మాసం. అది ఎవరిదని ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

పెద్ద బావ తన ఆషాఢం తీరిందని పాడ్యమి పొద్దున్నే అత్తను పులివెందుల బస్సెక్కించాడు. పులివెందులలో నడిపి బావ, "నాది శ్రావణం కదమ్మా, ఇది శ్రావణం యాడయితది, అధికం. మా ఇంట్లో సున్నాలేస్తాండాము, వచ్చే నెలకు బాగుంటాది" అన్నాడు. చెడ్డవాడు కాదు, లెక్క చూపించాడంతే. ఆ రాత్రి ఉంచుకుని, మరునాడు ప్రొద్దుటూరు బస్సెక్కించాడు.

మాకు ఎవరూ చెప్పలేదు. నేను వాకిలి ఊడుస్తుంటే ఎదురుగా రేకు పెట్టె, ఇత్తడి చెంబు, మా అత్త. "భయపడాకు, మీ వంతని రాలే. ఈ నెల నాకు రజా ఇచ్చినారు, బడి పిల్లోళ్ళకు సెలవిచ్చినట్టు" అని నవ్వింది. నేను నవ్వలేదు. పెట్టె లాక్కుని లోపల పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ముగ్గురూ కూచోని ఈ నెల ఎవరిదో చెప్పండి, అప్పుడొస్తా లోపలికి. ఇప్పుడు నువ్వు పెట్టుకుంటే, రేపు నేనెక్కువ మోసినా, నువ్వు తక్కువ మోసినావు అని వాండ్లలో వాండ్లు కొట్లాడతారు."

మా ఆయన అంగడి నుంచి వచ్చి పంచలో కూచున్న తల్లిని చూసి తల గోక్కున్నాడు. "ఉండమ్మా, ఏముంది" అంటూనే నాతో మెల్లగా, "మనం ఊరికే ఒప్పుకుంటే ప్రతి అధికమూ మనకే అంటగడతారేమో మే" అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు. పంచలో కూచున్న మనిషి చెవులకు ఏమీ కాలేదు. ఆమె మూట విప్పి మిగిలిన బొరుగులు తింటూ వీధిలోకి చూస్తూ కూచుంది.

మా పక్కింట్లో కళాయి సాయిబు ఉండేవాడు. ఇత్తడి గిన్నెలకు తగరం పూత పూసే పని. ఆయన భార్య నాకన్నా పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. గోడ మీద నుంచి అంతా చూసి, విని, ఇవతలికి వచ్చింది.

"ఏంది పెద్దమ్మా, పంచలో కూచున్యావు?"

"ఇది ఎవురి నెలా కాదంట అమ్మీ. అధికమంట."

అక్క వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "మా లెక్కలో అట్లాంటి నెలే లేదు పెద్దమ్మా. మా నెలలు పన్నెండే, ఏడాదంతా తిరుగుతానే ఉంటాయి, ఎక్కువ తక్కువ ల్యా. మా ముందర గది ఖాళీగా ఉంది. గిన్నెలు పెట్టుకునే గది, ఇప్పుడు పన్లు తక్కువ. నువ్వు నీ పొయ్యి నువ్వు పెట్టుకో."

అత్త ముఖం ఎత్తి ఆమెను చూసింది. ఆ ఇంటి లెక్కలో ఈ నెల అధికం కాదన్న మాట ఆమెకు పట్టింది. తన నియమం చెడకుండా తలదాచుకునే చోటు ఊరంతటికీ అదొక్కటే. పెట్టె ఆమే ఎత్తుకుంది. నేను మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టాను. కొర్రబియ్యం, కందిపప్పు ఇస్తే తీసుకోలేదు. తన పెట్టెలో ఉన్నాయంది. నిజంగానే ఉన్నాయి. ఎప్పుడైనా ఇట్లా అవుతుందని ఆమె ముందే అనుకుంది కాబోలు, నాకు అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ముగ్గురు కొడుకుల తల్లి సాయిబు ముందర గదిలో వండుకుంటోందని వీధంతా చెప్పుకున్నారు. మా ఆయన తల ఎత్తలేకపోయాడు. రోజూ పోయి రమ్మంటాడు. "ముగ్గురూ కూచోండి" అంటుంది ఆమె. ముగ్గురినీ కూచోబెట్టేది ఎవరు? పంతులుకు బడి, నడిపి ఆయనకు మండీ.

అట్లా ఉండగా ఊళ్ళో ఒక పిచ్చరు వచ్చింది. జట్కాకు మైకు కట్టి వీధి వీధీ తిప్పారు. బొమ్మలో హీరో కత్తి పట్టుకుని గుర్రమ్మీద ఉన్నాడు. కళాయి అక్కకు కత్తియుద్ధాలంటే ప్రాణం. "రా పెద్దమ్మా, ఎట్లా రజానే కదా" అని అత్తను లేపింది. మధ్యాహ్నం ఆటకు నన్ను కూడా పిలిచారు. అత్తకు అదే మొదటి సినిమా. ఆడవాళ్ళ వైపు నేల మీద ముగ్గురం శెనక్కాయలు ఒలుచుకుంటూ కూచున్నాము.

ఆ కథ చెబుతాను, ఎందుకంటే ఆ పిచ్చరు ఎక్కువ రోజులు ఆడలేదు, చూసినవాళ్ళు తక్కువ. ఒక రాజు తన తల్లి ముడతలు పడిన చేతులు చూసి జడుసుకుంటాడు. ముసలితనం తన రాజ్యంలో ఎవరి కంటికీ కనపడకూడదని ఒక మాంత్రికుణ్ణి కోరతాడు. వాడు మంత్రం వేస్తాడు. మరునాటి నుంచి ముసలివాళ్ళు పడుచువాళ్ళ కంటికి ఆనరు. చావరు, ఎక్కడికీ పోరు. ఆ ఇళ్ళలోనే ఉంటారు, పొయ్యి రాజేస్తారు, ఉయ్యాల ఊపుతారు, వడ్డిస్తారు. మాట్లాడినా ఎవరికీ వినపడదు. జనం మాత్రం మా ఇల్లు దానంతటదే నడుస్తోందని మురిసిపోతారు. తెరమీద ఆ ముసలివాళ్ళను పొగతో చేసినట్టు చూపించారు. వాళ్ళలో నుంచి వెనక గోడ కనపడేది.

హాలంతా వాళ్ళను దయ్యాలనుకున్నారు. పిల్లలు ఏడ్చారు. మగవాళ్ళ వైపు ఈలలు, "కత్తి యాడప్పా, కత్తి" అని కేకలు. కళాయి అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తెరమీద ఒక పొగ ముసలామె అందరికీ వడ్డించి, తనకు ఆకు లేక గడప దగ్గర కూచుంది. అప్పటిదాకా ఉలకని పలకని మా అత్త, సంతలో మనిషిని పిలిచినట్టు గట్టిగా అంది: "దయ్యం కాదప్పా అది. నా మాదిరి మనిషి. ఆ కుండ ఆడ పెట్టి లేయ్ మే, వడ్డించింది సాలు."

హాలు గొల్లుమంది. అయితే తర్వాత నిజంగానే ఆ ముసలామె కుండ దించి లేచింది. ఆమె వెనక ఊరి ముసలివాళ్ళంతా లేచారు. ఉయ్యాలలు ఆగాయి, పొయ్యిలు ఆరాయి. హాల్లో నవ్వులు కూడా ఆగాయి. చివరికి రాజు తల్లి చిన్న కోడలు, కనపడని అత్త కోసం ఒక ఆకు వేసి, ఆమె వచ్చేదాకా ముద్ద ముట్టనని కూచుంటుంది. అప్పుడు పొగ మెల్లగా మనిషవుతుంది. నాకు కళ్ళు తడిసిపోయాయి. అత్తకు తడవలేదు. బయటికొస్తూ, "ఆ ముసలిముండ అంత కాలం ఎందుకు ఊరుకున్యాదో" అని విసుక్కుంది.

మరునాడు ఆమె బస్టాండుకు పోయి ఇద్దరు కండక్టర్లను పట్టుకుంది. నెల నెలా తిరిగే మనిషి కదా, రెండు దార్ల కండక్టర్లూ ఆమెకు తెలుసు. ఒకరితో జమ్మలమడుగుకు, ఒకరితో పులివెందులకు ఒకటే మాట పంపింది: "మీయమ్మ పిచ్చరు చూపిస్తాదంట, ఆదివారం రావల్లంట." ఈ మాట విని నాకు నవ్వొచ్చింది. వాళ్ళకు మాత్రం గుండె ఝల్లుమన్నట్టుంది, తల్లికి మతి చలించిందేమోనని ఇద్దరూ పొద్దున బస్సుకే దిగారు.

కొడుకులు ముగ్గురూ మధ్యాహ్నం ఆట చూసొచ్చారు. అత్త వాళ్ళతో పోలేదు. "నేను చూసినా కదా, నాకు వంటుంది" అని సాయిబు ముందర గదిలో పొయ్యి రాజేసింది. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, చారు, అన్నం. నేను ఆ గోంగూర ఆకు గిల్లుతుంటే, "అత్తా, ఏం చెప్తావు వాండ్లకు" అని అడిగాను. "చెప్పేదేముంది, పిచ్చరు చెప్పింటాది" అంది.

పొద్దు వాలక ముందే ముగ్గురూ వచ్చి గదిలో పీటల మీద కూచున్నారు. నడిపి బావ, "దయ్యాల పిచ్చరు చూడనీకి ఇంత దూరం పిలిచినావా అమ్మా" అని నవ్వాడు. పెద్ద బావ చెయ్యి ఎత్తి ఆపాడు. బళ్ళో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"దయ్యాలు కాదురా. అది ఉపమానం. కంటికి కనపడకపోవడమంటే మనం చూడకపోవడమని. సమాజం తన పెద్దలను వాడుకుంటాది, చూడదు. ఆకు వేసి కూచోవడమంటే ఏంది? మనిషిని మనిషిగా పిలిచి పక్కన కూచోబెట్టుకోవడం."

ఎంత బాగా చెప్పాడంటే, తలుపు వెనక నిలబడిన నేను కూడా తల ఊపాను. సినిమా తీసినవాడు కూడా అంత బాగా చెప్పలేడు. మా ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. చెబుతూ చెబుతూనే పెద్ద బావ తల ఎత్తకుండా ఆకు ముందుకు జరిపి, "చారు" అన్నాడు. ముసలి చెయ్యి ఒకటి వచ్చి చారు పోసింది. "ఆ రాజుది తప్పని నేననను, రాజు మనలోనే ఉన్నాడు" అంటూ ఆయన అన్నం కలుపుకున్నాడు.

మా ఇళ్ళలో కోడలు బావల ముందు నోరెత్తకూడదు. వాళ్ళు కూచుంటే తలుపు చాటున నిలబడాలి, ఏదైనా చెప్పాలంటే మొగుడితో చెప్పించాలి. నేను అప్పటిదాకా ఆ పద్ధతి తప్పలేదు. ఆ నిమిషంలో ఏమైందో, కాళ్ళు వాటంతటవే గడప దాటాయి.

"బావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ పిచ్చర్లో ముసలామె ఈడ వడ్డిస్తాంది, చూడు."

అందరి చేతులూ ఆగిపోయాయి. మా ఆయన నన్ను కళ్ళతోనే లోపలికి పొమ్మన్నాడు. నేను కదలలేదు. భయమేసింది, అయినా కదలలేదు. పెద్ద బావ తల మెల్లగా ఎత్తి తల్లిని చూశాడు. మసిబట్టిన చేతులు, చారు గరిటె, వెనక తగరం పూసిన గిన్నెలు. ఆ గదినీ అప్పుడే చూసినట్టున్నాడు.

"నువ్వు తిన్యావా అమ్మా?" అన్నాడు.

"ఈ నెల ఎవరింట్లో తినల్ల నాయనా?" అంది ఆమె. కోపం లేదు. నిజంగానే అడిగింది.

ఆ మాటకు మా ఆయన ఏడ్చేశాడు. నడిపి బావ ఆకు ముందు నుంచి లేవబోతే, "కూచో, అన్నం ముందర నుంచి లేయొద్దు" అని గద్దించింది. ఇక ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. నా దగ్గరికి రా అని ఒకరు, సున్నాలు ఎండిపోయాయి అని ఒకరు, ఇదే ఊళ్ళో ఉండగా వేరేచోటికేంది అని ఒకరు. అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేని నెల కోసం కొట్లాట మొదలయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అత్త గరిటె కింద పెట్టింది. గోడవారగా ఉన్న పీట వాల్చుకుని కొడుకుల ఎదురుగా కూచుంది. నేను పరుగెత్తి ఆకు వేశాను. వడ్డించాను.

"వినండి" అంది, మొదటి ముద్ద కలుపుకుంటూ. "ఈ నెల ఎవురి వంతూ కాదు కాబట్టి నా వంతు. ఇన్నేండ్లలో నాకంటూ ఒక నెల దొరికింది, దాన్ని మీకియ్యను. ఈడనే ఉంటా. నన్ను చూడల్లనుకున్నోడు ఈడికే వచ్చి నేను వండింది తినిపోవల్ల. ఇంగ అసలు శ్రావణం నుంచి మామూలే, తిరుగుతా. అయితే ఒకటి. వంతు తీరిన ఇంటోడు నన్ను బస్సెక్కించేసి ఇంటికి పోయేది లేదు. నాతో పాటు రావల్ల. అందుకునే ఇంట్లో నా పక్కన కూచోని మధ్యాహ్నం అన్నం తినిపోవల్ల. ఆ పూట నేను ఒక్కదాన్నే బొరుగులు తిని తిని నాకు విసుగొచ్చింది."

అంత కాలం ఆ మూట సంగతి వాళ్ళకు తెలియదు. బస్సెక్కించే కొడుక్కి ఆమె సంగటి తినడం తెలుసు, దించుకునే కొడుక్కి రాత్రి అన్నం తెలుసు. నడుమ మధ్యాహ్నం ఒకటి ఉంటుందని ఎవరికీ తోచలేదు. పెద్ద బావ తల వంచుకుని, "సరేమ్మా" అన్నాడు. నావైపు చూడకుండానే, "ఇంగ కొంచెం పప్పు పెట్టు తల్లీ" అని నాతో అన్నాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఆ తర్వాత మా ఇళ్ళలో ఎక్కడా నేను తలుపు చాటున నిలబడలేదు.

ఆ నెలంతా సాయిబు ముందర గది పెళ్ళివారి విడిదిలాగా ఉండింది. ఆదివారమైతే ఎవరో ఒకరు పిల్లల్ని తీసుకుని దిగేవాళ్ళు. కళాయి అక్క గడపలో నిలబడి, "మా ఇంట్లో గిన్నెలు పెట్టుకునే చోటు లేకపాయ పెద్దమ్మా" అని వేళాకోళం చేసేది. "నీ లెక్కలో లేని నెల కదా, ఓర్చుకో" అనేది అత్త.

తర్వాత అసలు శ్రావణం వచ్చింది. మా ఆయన తల్లితో పాటు పులివెందుల పోయి వచ్చాడు. అక్కడ ఎట్లా జరిగిందో నేను చూడలేదు. నేను చూసింది భాద్రపద పాడ్యమి. నేను ఎప్పటిలాగే బస్టాండుకు పోయాను. బస్సులో నుంచి ముందుగా రేకు పెట్టె దిగింది, దాన్ని పట్టుకుని నడిపి బావ దిగాడు. వెనకే ఆయన భార్య నడిపక్క, ఆ వెనక అత్త. దిగుతూ ఒళ్ళు దులుపుకోలేదు.

నాకు చెంబు అందించి, నడుముకు చెక్కుకున్న మూట తీసింది. అదే పాత చీర చెంగు గుడ్డ. ముడి ఇంకా వేసినట్టే ఉంది. అలవాటు కొద్దీ కట్టుకుంది, విప్పే పని పడలేదు. కాసేపు దాన్ని చేతిలో తూచినట్టు పట్టుకుని నా చేతిలో పెట్టింది.

"నానబెట్టి తిరగమాత పెట్టి ఉగ్గాని చెయ్ మే, అన్నంతో పాటు పెడుదువు. అందురం తిందాము" అంది.